క్యాండిడా క్లీన్స్ కిట్ కొంటున్నారా? సీసాలు వెనక్కి తిప్పి చదవండి

పొద్దున్నే గ్లాసు నీళ్లలో ఉమ్మండి, తీగలు వేలాడితే మీ పేగుల్లో క్యాండిడా అనే ఫంగస్ (ఒక రకం ఈస్ట్) పెరిగిపోయినట్టే అని భయపెట్టి, దాన్ని వదిలిస్తామంటూ కిట్ అంటగడుతున్నారు. నమ్మకండి. ఉమ్మిలో మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్ ఉంటుంది. నోరు ఎండితే ఎవరి ఉమ్మైనా అలాగే సాగుతుంది.

దానికంటే ఖరీదైన ఉచ్చు మలం డీఎన్‌ఏ రిపోర్టు. ‘క్యాండిడా 60 శాతం’ అని ఎర్రగా కనబడగానే గుండె జారిపోతుంది. అది ఫంగస్‌లన్నిటినీ వందగా తీసుకుంటే వచ్చే లెక్క. పేగుల్లోని సూక్ష్మజీవుల్లో మొత్తం ఫంగస్ వాటా ఒక శాతం కూడా ఉండదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి క్యాండిడా మామూలే. తిన్న బ్రెడ్డులో చచ్చిన ఈస్ట్ డీఎన్‌ఏ కూడా ఇందులో లెక్కకొస్తుంది.

ఇక కిట్ విప్పితే అసలు తమాషా. ఒక సీసాలో పేగులకు మంచిదని ఇచ్చే బతికున్న సూక్ష్మజీవి (ప్రోబయాటిక్) శాకరోమైసిస్ బౌలార్డి, ఇంకోదాంట్లో ఫంగస్‌ను చంపడానికని కాప్రిలిక్ యాసిడ్, ఒరెగానో నూనె. రెండూ కలిపి పరగడుపున మింగమంటారు. బౌలార్డి కూడా ఈస్టే, అంటే ఫంగసే కదా! యాంటీబయాటిక్‌కు అది చావదు, ఫంగస్ మందుకు చస్తుంది. ల్యాబ్‌లో ఆ నూనె, ఆ యాసిడ్ ఈస్ట్‌ను చంపేవే. మొదటి సీసాకు పెట్టిన డబ్బు రెండో సీసా పాలన్నమాట.

బౌలార్డి పనికిరానిదేం కాదు, యాంటీబయాటిక్‌ల వల్ల వచ్చే విరేచనాలను తగ్గించగలదు. కానీ రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, మెడ దగ్గరో ఛాతీలోనో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. అలాంటి రోగి పక్కన క్యాప్సూల్ విప్పినా పొడి చేతులకంటి, గాల్లో లేచి, లైన్ ద్వారా రక్తంలోకి చేరొచ్చు. ఈ హెచ్చరిక లేబుల్ మీద లేకపోతే కొనకండి.

తలనొప్పి, విరేచనాలు పట్టుకుంటే ‘ఫంగస్ చస్తోంది, ఆపొద్దు’ అంటారు. ఒరెగానో నూనె కడుపును రేపుతుంది, పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే తల నొస్తుంది. అలా అయితే వెంటనే ఆపండి.

‘మీ చిరాకుకు ఫంగసే కారణం’ అనే ప్రకటన మరీ దారుణం. 2022లో ‘సెల్’ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగంలో, పేగు గోడను అంటుకుని ఉండే ఫంగస్ ఆ గోడను గట్టిపరిచింది, ఐఎల్-17 అనే రోగనిరోధక సంకేతం ద్వారా ఎలుకలు తోటివాటితో ఎక్కువగా కలిసేలా చేసింది. మనుషుల్లో అలాగే జరుగుతుందని అది చెప్పదు, కిట్ కొనమని అంతకన్నా చెప్పదు.

నోట్లో తెల్ల పొరలు, మింగితే నొప్పి ఉంటే కిట్ కాదు, డాక్టర్ కావాలి. ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ సొంతంగా కొని మింగకండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు దానివల్ల రక్తస్రావం కావచ్చు. కిట్ ఇప్పటికే వచ్చేసిందా? సీలు తీయకుండా లేబుల్ ఫొటో తీసి రిటర్న్ పెట్టండి.