చిరు శిల్పాల పోటీ అని మెసేజ్ వచ్చిందా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

రాత్రంతా నిద్ర లేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నా, తగ్గేలా లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

ఆ పోటీ ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బొమ్మలు చేసేవాళ్ళ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ రెండు నెలలు తిరిగిన ఎర్ర పోస్టరు. పేరు రాయను, రాస్తే నోటీసు పంపుతామని ముందే బెదిరించారు. "జాతీయ స్థాయి", "అకాడమీ", బంగారు రంగు అక్షరాలు, మొదటి బహుమతి లక్ష రూపాయలు. ఏ కొలతా 20 సెంటీమీటర్లు మించకూడదు, బరువు 5 కిలోలు దాటకూడదు, ఎంట్రీకి 1,500. ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది.

అకాడమీ అన్న మాట చూసి, ఢిల్లీలోని లలిత కళా అకాడమీకి అనుబంధంగా ఏదో చేస్తున్నారనుకున్నా. అది 1954లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. దానికీ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు. ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే తెలిసేది, చెయ్యలేదు. "జడ్జిలెవరంట?" అని మా ఆవిడ అడిగింది కూడా. "పెద్దోళ్ళే ఉంటార్లే" అన్నా. అంత తెలివి నాది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. అనంతపురంలో ఫొటో ఫ్రేములు కట్టే చిన్న షాపు. ఆళ్ళగడ్డలో ఒక పెద్దాయన దగ్గర రెండేళ్ళు ఉలి పట్టడం నేర్చుకున్నా. గుడికి విగ్రహం చెక్కి ఇచ్చేంత పనివాణ్ణి కాదు. షాపు మూశాక బలపం రాయితో చిన్న బొమ్మలు చేసుకుంటా, అంతే. ఈ పోటీకి పంపింది మా అవ్వని. చాప మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న అవ్వ. 17 సెంటీమీటర్ల ఎత్తు. కుడి చెయ్యి కాస్త ముందుకు చాచి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాయ పెట్టి నొక్కుతూ ఉంటుంది. మా జిల్లా వాళ్ళకు ఆ చెయ్యి గురించి వేరే చెప్పక్కర్లేదు. విత్తనానికి రోజుల తరబడి కాయలు ఒలిచీ ఒలిచీ బొటనవేలి గోరు పక్కన తోలు లేచి, చీలి ఉంటుంది. ఆ చీలిక కూడా సూదిమొనతో గీశా. ఒక్క ఆ చేతికే మూడు వారాలు పట్టింది.

బలపం రాయి ఎంత మెత్తనంటే గోటితో గీస్తే గీత పడుతుంది. అందులో ఎక్కువగా ఉండేది టాల్క్. గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేలులో దానికి వచ్చేది 1, అంటే అన్నిటికన్నా అడుగున. చెక్కడానికి సుఖం. కానీ సన్నగా బయటికి వచ్చిన భాగం ఏదైనా సరే, చిన్న దెబ్బకే పుటుక్కుమంటుంది. "చెయ్యి గాల్లో వదలొద్దు నాయనా, మోకాలికి ఆనించి అడుగున ఇంత ముక్క ఉంచు" అని పెద్దాయన నూరుసార్లు చెప్పాడు. నేనే ఆ ముక్క కోసేశా. అది ఉంటే జడ్జిల కళ్ళకు చేతగానివాడిలా కనబడతానని. ఏ జడ్జిలకు? ఇప్పటికీ వాళ్ళ పేర్లు తెలియవు నాకు.

ఫొటోలు పంపింది రాత్రి 10:50కి. 11:30కల్లా జవాబు: "అభినందనలు! మీ కళాఖండం తుది దశకు ఎంపికైంది." నలభై నిమిషాల్లో! ఏ జడ్జి అండీ, అర్ధరాత్రి పూట కళ్ళు నులుముకుంటూ కూర్చుని నా బలపం రాయి చూసేది? ఈ ప్రశ్న అప్పుడు రాలేదు. అప్పుడు పిల్లల్ని నిద్ర లేపి మరీ చెప్పా.

మర్నాడు ఫోన్. "ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు జీఐ, అదే భౌగోళిక గుర్తింపు ఉంది కదండీ, మీ సీమ వాళ్ళ పనితనమే వేరు" అంటూ కాసేపు తేనె పోశారు. తర్వాత ప్రదర్శనకు, కేటలాగుకు, ఇన్సూరెన్సుకు కలిపి 4,500 అన్నారు. కట్టా. చెక్క పెట్టె చేయించి, థర్మోకోల్, దూది, చేతి చుట్టూ విడిగా స్పాంజి పెట్టి బస్సు పార్సిల్లో పంపా, 1,150. చేరింది, "సేఫ్‌గా ఉందండీ" అని మెసేజ్ పెట్టారు. అది నా ఫోన్లో ఇప్పటికీ ఉంది.

ఇక ఫంక్షన్ రోజు. మా ఆవిడా నేనూ రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగాం. ఆమె పెళ్ళి నాటి పట్టుచీర బ్యాగులో పెట్టుకుని వచ్చి, బస్టాండు వెయిటింగ్ రూములో కట్టుకుంది. ప్రదర్శన ఏ ఆర్ట్ గ్యాలరీలోనో అనుకుంటే, ఫంక్షన్ హాలు పైనున్న చిన్న గది. కింద ఎవరిదో నిశ్చితార్థం, మేళం మోగుతోంది. పైన రెండు పొడుగు బల్లలు, వాటి మీద తెల్లగుడ్డ, దాని మీద ముప్ఫై దాకా బొమ్మలు. పీఠం లేదు, లైటు లేదు, కింద పేరు లేదు. తిరుణాల్లో గాజులు పరిచినట్టు పరిచారు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడొకడు తన ఇత్తడి బొమ్మను తానే రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

మా అవ్వ రెండో బల్ల చివర, వాటర్ బాటిళ్ళ పక్కన ఉంది. దూరం నుంచి బాగానే కనబడింది. దగ్గరికెళ్ళాక ముందు చూసింది మా ఆవిడే. "అవ్వ చెయ్యేంది, అట్లుంది?" అంది.

మణికట్టు దగ్గర విరిగింది. విరిగితే విరిగింది, రాయి, దారిలో ఏమైనా జరగొచ్చు. కానీ దాన్ని ఎవరో ఫెవిక్విక్ పెట్టి అతికించారు. తిరగేసి అతికించారు. బొటనవేలు బయటికి, అరచెయ్యి పైకి. జిగురు కారిన చోటల్లా తెల్లటి పొగ పట్టినట్టు మచ్చ. నల్లగా నిగనిగలాడేదాకా 1,000 నంబరు వాటర్ పేపరుతో తడిపి తడిపి రుద్దిన చెయ్యి అది. శెనక్కాయలు ఒలుచుకునే అవ్వ కాస్తా చెయ్యి చాచి అడుక్కునే అవ్వ అయింది. వేళ్ళ మధ్య కాయ, ఎవరో వేసిన చిల్లరలా ఉంది.

కోటు వేసుకున్న నిర్వాహకుడు పక్కనే శాలువలు లెక్కపెట్టుకుంటున్నాడు. 

"ఇది విరిగిందండీ" అన్నా.

"దారిలో అయ్యుంటుంది." తల ఎత్తలేదు.

"సేఫ్‌గా ఉందని మీరే మెసేజ్ పెట్టారు."

"మా స్టాఫ్ పెట్టుంటారు. అతికించాం కదండీ."

"తిరగేసి అతికించారు."

అప్పుడు వంగి చూశాడు. చూసి నవ్వాడు. "రాయే కదండీ! ఇంకోటి చెక్కుకోండి. అయినా మీ లేపాక్షిలో సగం కట్టి వదిలేసిన మండపం లేదా? జనం బస్సులేసుకుని వచ్చి చూడట్లేదా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు.

నాకు నోట మాట రాలేదు. నిజంగా రాలేదు. ఇంట్లో అన్నం లేటైతే అరిచే మనిషిని, అక్కడ గుడ్లప్పగించి నిలబడ్డా. మా ఆవిడే అంది: "ఆ మండపం చెక్కినోళ్ళు ఎవరి దగ్గరా ఎంట్రీ ఫీజు తీసుకోలేదు సామీ." ఆయన వినిపించుకోకుండా మైకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

లేపాక్షి మాట ఎత్తాడు కాబట్టి ఒకటి చెప్పాలి. ఒకే రాతిలో దాదాపు 27 అడుగుల పొడవున్న నందిని చూస్తూ పెరిగిన ఉమ్మడి అనంతపురం జిల్లా మాది. ఆ కల్యాణ మండపం ఎందుకు సగంలో ఆగిందో చిన్నపిల్లల్ని అడిగినా కథ చెప్తారు. ఖజానా డబ్బు గుడికి ఖర్చుపెట్టాడని రాజు లెక్క అడిగితే, ఆ ఖజానా చూసే విరూపన్న తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడని. కథే కావచ్చు. లెక్క అడిగితే కళ్ళు పీక్కున్న మనిషి కథ అది. వీళ్ళను లెక్క అడిగితే శాలువా కప్పుతున్నారు.

అవును, కప్పించుకున్నా. అసలు సిగ్గు అక్కడే. పది నిమిషాల తర్వాత మైకులో నా పేరు పిలిస్తే కాళ్ళు వాటంతటవే నడిచాయి. శాలువా, ప్లాస్టిక్ మెమెంటో, "విశిష్ట శిల్పి" సర్టిఫికెట్. దాంట్లో నా ఇంటిపేరు తప్పు. చేతులు జోడించి ఫొటోకు నవ్వా కూడా. ముప్ఫై మంది వచ్చాం, ముప్ఫై మందిమీ విశిష్ట శిల్పులమే. మరి లక్ష రూపాయలు? "ఈసారి ఆ స్థాయి పని రాలేదు, వచ్చే ఏడాదికి కలిపి ఇస్తాం" అని ప్రకటించారు. చప్పట్లు కొట్టాం.

ఇన్సూరెన్స్ పాలసీ నంబరు అడిగా. గ్రూపు పాలసీ అన్నారు. ఏ కంపెనీ అంటే ఆఫీసులో కనుక్కోమన్నారు. ఆఫీసు నంబరుకు చేస్తే ఆ కోటాయన జేబులో ఫోనే మోగింది. ఇది మాత్రం కల్పించి రాయట్లేదు.

రానూపోనూ ఇద్దరికీ 3,200 అయింది. మొత్తం 10,350. షాపులో ఫ్రేముకు నాకు మిగిలేది ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ లెక్క ఇక్కడ వెయ్యను.

ఇంత జరిగినా ఊరుకునేవాణ్ణే. నిన్న సాయంత్రం వచ్చే ఏడాది పోటీ పోస్టరు వచ్చింది. మధ్యలో ఉన్నది మా అవ్వ. నేను పంపిన ఫొటోనే, మా షాపు వెనక నీలం గుడ్డ ముందు తీసింది. నా పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు మా అవ్వను చూపించి ఇంకొకరి దగ్గర 1,500 లాగుతారన్నమాట.

వకీలు చదివిన మేనల్లుడికి చూపించా. ఫారంలో చిన్న అక్షరాల్లో "ఫొటోలపై సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉందట, నేను టిక్కు పెట్టానట. పెట్టే ఉంటా, ఆ రోజు ఏం పెట్టమన్నా పెట్టేవాణ్ణి. అయినా కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 57 అని ఒకటుందట. హక్కులు రాసిచ్చేసినా సరే, ఇది చేసింది నేనని చెప్పుకునే హక్కు, తన పనిని పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కు చేసినవాడికే ఉంటాయట. ఢిల్లీలో ప్రభుత్వ సమావేశాలు జరిగే విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన ఇదే సెక్షన్ మీద ప్రభుత్వంతోనే కోర్టుకెక్కితే, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వాలి, 5 లక్షలు కట్టాలి అని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. వినడానికి బాగుంది. 1979 ఎక్కడ, 2005 ఎక్కడ! నాకిప్పుడే 58. ముందైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు రాయించా. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి ఫీజు ఉండదని మేనల్లుడు అన్నాడు. వేస్తా.

మీకు చెప్పగలిగింది కొంచెమే. పోస్టర్లో జడ్జిల పేర్లు లేకపోతే కట్టొద్దు. ఎంపికయ్యాక మళ్ళీ డబ్బడిగితే అసలే వద్దు. ఇన్సూరెన్స్ అంటే పాలసీ నంబరు చేతికొచ్చేదాకా బొమ్మ పంపొద్దు. పెట్టెలో సర్దేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తియ్యలేదు. చేతి కింద ముక్క ఉంచండి.

అవ్వ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. గోళ్ళరంగు చెరిపే ఎసిటోన్‌లో దూది ముంచి మణికట్టుకు చుట్టి పెట్టా, ఫెవిక్విక్ దానికే వదులుతుంది. వదిలాక రెండు వైపులా సన్నటి రంధ్రం చేసి, లోపల ఇత్తడి తీగ పెట్టి, ఆరల్డైట్ జిగురుతో సరిగ్గా నిలబెట్టాలి. అతుకు గీత పోదు. ఆళ్ళగడ్డ పెద్దాయనకు ఫోన్ చేసి అంతా చెప్తే ఒక్క తిట్టూ తిట్టలేదు. "గీత ఉండనీలే, అవ్వలకు గాజుల గీతలుంటాయి" అన్నాడు. తిట్టుంటేనే బాగుండేది.

ఆ కొత్త పోస్టరు మీ గ్రూపుల్లోకి వస్తే దాని కింద ఈ పోస్టు పెట్టండి. అందులో అవ్వ అరచెయ్యి కిందికే ఉంది, బొటనవేలి పక్కన చీలిక కూడా కనబడుతుంది చూడండి. అది వీళ్ళ చేతికి వెళ్ళకముందు తీసిన ఫొటో.