టాండెమా, క్లోజ్డా, ఫ్లోటా: 4/3 వాల్వ్‌లో ఏ స్పూల్ మేలు?

హైడ్రాలిక్ ఆయిల్‌ని దారి మళ్లించే 4/3 వాల్వ్‌కి నాలుగు పోర్టులు, మూడు స్థానాలు. సీటాప్ 3 అనే ప్రామాణిక సైజు వాల్వులన్నీ పైకి ఒకేలా ఉంటాయి, బిగించే నాలుగు ఎం5 బోల్టులూ అవే. తేడా అంతా లోపల జరుగుతూ దారులు మార్చే కడ్డీ, అంటే స్పూల్‌ది. రెండు కాయిల్స్‌కీ కరెంటు లేనప్పుడు, అంటే న్యూట్రల్‌లో, పి (పంపు), టి (ట్యాంకు), ఎ, బి (సిలిండర్ రెండు వైపులు) పోర్టుల్లో ఏది దేనితో కలుస్తుందో నేమ్‌ప్లేటు మీది మూడు గడుల్లో నడిమి గడి చెబుతుంది. కాలిపోయిన వాల్వ్ మార్చేటప్పుడు చాలామంది చూడనిది అదే.

ఎప్పుడూ ఒకే మోతాదులో ఆయిల్ తోసే గేర్ పంపుకి మామూలుగా టాండెమ్ మేలు. న్యూట్రల్‌లో పి నుంచి టి కి దారి తెరిచి ఉంటుంది, ఎ, బి మూసుకుంటాయి, పంపు తేలిగ్గా తిరుగుతుంది. అక్కడ నాలుగు పోర్టులూ మూసుకునే క్లోజ్డ్ సెంటర్ బిగిస్తే ఆయిల్‌కి, ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్ప వేరే దారి లేదు. నిమిషానికి 30 లీటర్లు, 150 బార్ అనుకుంటే 30×150÷600, అంటే 7.5 కిలోవాట్లు ఉత్త వేడి. కూలర్ లేకపోతే 100 లీటర్ల ఆయిల్ పది నిమిషాల్లో పాతిక డిగ్రీల దాకా ఎక్కుతుంది. ప్రెషర్ నిండగానే ఆయిల్ తగ్గించుకునే ప్రెషర్ కాంపెన్సేటెడ్ పంపో, ఆయిల్‌ని ప్రెషర్‌తో నిలవుంచే అక్యుములేటరో ఉంటే మాత్రం క్లోజ్డే సరైనది.

పైలట్‌తో, అంటే చిన్న వాల్వ్ పంపే ఆయిల్ ప్రెషర్‌తో, నడిచే పెద్ద వాల్వుల్లో టాండెమ్ ఒక పేచీ పెడుతుంది. పైలట్ ఆయిల్ లోపలి నుంచే తీసుకుంటే న్యూట్రల్‌లో ప్రెషర్ ఉండదు, కాయిల్ లాగినా మెయిన్ స్పూల్ కదలదు. పైలట్‌కి ఆ మాత్రం ప్రెషర్ నిలిచేలా లైన్లో 4–5 బార్ స్ప్రింగ్ ఉన్న చెక్ వాల్వ్ (ఆయిల్‌ని ఒకవైపే వదిలేది) వేయాలి.

ఇక లోడ్ నిలపడం. ఎ, బి మూసుకున్నాయి కదా, లోడ్ ఆగుతుందిలే అనుకుంటే పొరపాటు. స్పూల్‌కీ బోరుకీ మధ్య కొన్ని మైక్రాన్ల సందు ఉంటుంది, అందులోంచి ఆయిల్ జారుతూనే ఉంటుంది. క్లోజ్డ్ సెంటర్‌లో పి ప్రెషర్ ఎ, బి రెండింట్లోకీ ఊరుతుంది. పిస్టన్ వెనుక వైశాల్యం ఎక్కువ కాబట్టి, లోడ్ లేని రాడ్ దానంతటదే మెల్లగా బయటికి వస్తుంది.

అందుకే పైలట్ చెక్ వాల్వ్: పైలట్ ప్రెషర్ వస్తేనే ఆయిల్‌ని వెనక్కి వదులుతుంది. దానికి జోడీ ఫ్లోట్ సెంటర్: పి మూసి, ఎ, బి ట్యాంకుకి. అప్పుడే పైలట్ లైన్ ఖాళీ అయి పాపెట్ (దారి మూసే బిరడా) సీటు మీద కూర్చుంటుంది. టాండెమ్‌తో జోడిస్తే పైలట్ ప్రెషర్ లోపలే చిక్కి, పాపెట్ సరిగా మూసుకోక లోడ్ జారుతుంది. జనం సిలిండర్ సీళ్లు మారుస్తారు, జారడం ఆగదు. గేర్ పంపు ఉంటే ఫ్లోట్ బదులు నాలుగూ కలిసే ఓపెన్ సెంటర్ వేయండి, ట్యాంక్ లైన్లో బ్యాక్ ప్రెషర్ తక్కువుండాలి.

వేలాడే లోడుని దించడానికి మాత్రం పైలట్ చెక్ పనికిరాదు. తెరుచుకుంటూ మూసుకుంటూ కుదిపేస్తుంది. అక్కడ లోడుని అదుపుగా దించే కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వ్ వేసి, గరిష్ఠ లోడ్ ప్రెషర్‌కి 1.3 రెట్ల దగ్గర సెట్ చేయాలి.