పారోకి విమానంలో వెళ్లి, రోడ్డు మీద తిరిగొచ్చాం

కలకత్తాలో పొద్దున్నే భూటాన్‌లోని పారోకి విమానం ఎక్కగానే అమ్మని ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఉత్తరానికి వెళ్తున్నప్పుడు కాంచన్‌జంగ అటువైపే కనిపిస్తుంది. మొదట మబ్బనుకుంది. మబ్బు కదలడం లేదని గమనించి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేమెక్కింది డ్రుక్ఎయిర్, భూటాన్ ప్రభుత్వ విమానసంస్థ. తోక మీద ఆ దేశపు జెండాలోని డ్రాగనే ఉంటుంది. సంస్థ 1981లో పుట్టింది. మొదటి సర్వీసు 1983 ఫిబ్రవరిలో పారో నుంచి కలకత్తాకే, 18 సీట్ల డోర్నియర్ విమానంతో. అంతకుముందు బయటి నుంచి వచ్చేవాళ్లకు, భారత సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ నుంచి 1962లో పూర్తయిన రోడ్డే ముఖ్యమైన దారి. 1988లో నాలుగు ఇంజన్ల జెట్, 2004లో ఎయిర్‌బస్ ఎ319లు వచ్చాయి. ఇంత చిన్న దేశం ఒక్కో మెట్టే ఎక్కుతూ తన విమానాలు తానే నడుపుకుంటోందంటే నాకు చాలా గౌరవంగా అనిపించింది.

అసలు విషయం దిగడం. పారో విమానాశ్రయం 2,235 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో ఉంది. చుట్టూ ఉన్న కొండల్లో కొన్ని 5,000 మీటర్లు దాటతాయి. పైలట్ కళ్లతో చూసుకుంటూ, కొండల మధ్య మలుపులు తిప్పుకుంటూ దిగాలి. అందుకే ప్రయాణికుల విమానాలు పగటిపూటే నడుస్తాయి, ప్రత్యేక శిక్షణ పొందిన కొద్దిమంది పైలట్లకే అనుమతి ఉంటుంది. మధ్యాహ్నం దాటితే లోయలో గాలి జోరు పెరుగుతుంది. పైగా అంత ఎత్తున గాలి పలచన, ఎండెక్కితే ఇంకా పలచనవుతుంది. రెక్కలకు పట్టు, ఇంజన్లకు శక్తి తగ్గి బరువు మోయడం కష్టమవుతుంది. ఎక్కువ సర్వీసులు పొద్దున్నే ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. కిటికీలోంచి కొండవాలు మీది ఇళ్లు రెక్క పక్కనే ఉన్నట్టు కనిపించాయి. నాకు టెన్షన్‌గానే ఉంది. విమానం ఇంకోసారి పక్కకి ఒరిగి నిటారైందో లేదో, చక్రాలు నేలను తాకాయి.

కాబట్టి వెళ్లేవాళ్లకు నా మాట ఒకటే: తిరుగు ప్రయాణంలో కలకత్తా నుంచి అదే రోజు వేరే విమానం పెట్టుకోకండి. వాతావరణం బాగోకపోతే ఆగడమే అక్కడి పద్ధతి. ఆ పద్ధతి ఉండబట్టే అమ్మని తీసుకెళ్లడానికి నేను ధైర్యం చేశాను.

పారో ఊళ్లో మొదటి రెండు రాత్రులు ఒక హోటల్లో ఉన్నాం. ఫొటోల్లో చూసిన లోయ గదిలోంచి కనపడలేదు, హీటర్ పనిచెయ్యలేదు. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు, అంతే. మూడో రోజు ఒక రైతు ఇంటికి మారాం. కట్టెల పొయ్యి వేడి, ఎర్రబియ్యం అన్నం, చీజ్‌లో ఉడికించిన మిరపకాయల కూర ఎమా దత్షి. కారం తినే మన నోటికి ఆ కూర బాగా నచ్చుతుంది. సాయంత్రం నిప్పుల్లో కాల్చిన రాళ్లు చెక్క తొట్టి నీళ్లలో వేసి స్నానానికి పెట్టారు. నీళ్లలో వేసిన ఆకు వాసన చూసి అమ్మ 'ఇది మాచిపత్రిలా ఉందే' అంది. నిజంగా ఆ జాతిదే. పారోలో రైతు ఇల్లే ఎంచుకోండి.

తక్త్సాంగ్ మఠానికి అమ్మ సగం దూరం వచ్చి టీ కొట్టు దగ్గర ఆగిపోయింది. నేను పైదాకా వెళ్లాను. 3,100 మీటర్ల పైన, బండకి అతుక్కున్నట్టుంటుంది. మోకాళ్లు బాగున్నప్పుడే వెళ్లాలి.

మనవాళ్లకు పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటరు కార్డు సరిపోతుంది. పెద్దవాళ్లకు రాత్రికి 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వ రుసుము ఉంటుంది, బడ్జెట్‌లో మరిచిపోవద్దు.

డబ్బు కలిసొస్తుందని తిరుగు ప్రయాణం రోడ్డు మీద పెట్టాను. ఫుంట్‌షోలింగ్ దాకా ఘాట్ రోడ్డు. అడవి, జలపాతాలు, మబ్బులు చాలా బాగున్నాయి. కానీ మలుపులకి అమ్మకి రెండుసార్లు వాంతులయ్యాయి. సరిహద్దు దాటి జయగావ్‌లో టీ తాగుతుంటే, 'ఈసారి రెండువైపులా విమానమే, నాకు కిటికీ పక్క సీటే' అంది.