పది రూపాయల ఆవాలు దొరకని సూపర్ మార్కెట్

మా ఇంటికి నాలుగు వీధుల అవతల సూపర్ మార్కెట్ తెరిచి ఎనిమిది నెలలైంది. తెరిచిన రోజు వెయ్యి రూపాయల సరుకుకి స్టీలు డబ్బా ఉచితం అంటే ఎండలో క్యూ కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ డబ్బాలోనే ఇప్పుడు కందిబేడలు పోసుకుంటున్నాను, కాబట్టి పాతకాలం మనిషి కొత్త అంగడి మీద పడి ఏడుస్తోందని ఎవరూ అనుకోవద్దు. పేరు మాత్రం రాయను. అక్కడ బిల్లు కొట్టే పిల్లల్లో ఇద్దరు నా దగ్గర ఏడో తరగతి లెక్కలు చదివినవాళ్లు, నా రివ్యూ వల్ల వాళ్లకి చీవాట్లు పడటం నాకిష్టం లేదు. అయినా తిరుపతిలో ఇప్పుడు ఇలాంటివి పేటకొకటి వచ్చేశాయి, మీ ఇంటి దగ్గరిదే అనుకుని చదివినా పెద్ద తేడా ఉండదు.

ముందు బాగున్నవి చెప్పేస్తా. ఏసీ. మే నెలలో తిరుపతిలో ఉన్నవాళ్లకి ఆ ఒక్క మాట చాలు, మా వీధిలో కొందరు అగ్గిపెట్టె కొనడానికి వెళ్లి ముప్పావు గంట తిరిగొస్తారు. పప్పుల్లో రాళ్లుండవు, చింతపండులో గింజలుండవు, ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది. పై అంతస్తుకి లిఫ్టు ఉంది, నా మోకాళ్లు దానికి దండం పెట్టుకుంటాయి. ఒకసారి పురుగు పట్టిన గోధుమరవ్వ వెనక్కి తీసుకెళ్తే బిల్లు చూసి మారుమాట లేకుండా మార్చిచ్చారు. అదే మా పాత అంగడాయనైతే ‘జల్లించుకోండి టీచరమ్మా, ఏమీ కాదు’ అనేవాడు.

బియ్యం దగ్గర ఒక తమాషా ఉంది. మూటలన్నీ 26 కేజీలు. ఆ ఒక్క కేజీ కొసరేమో అని చాలా రోజులు మురిసిపోయాను. కాదు. 2022 జులైలో 25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు, దాంతో మిల్లులవాళ్లు ఇంకో కేజీ పోసి మూట కుట్టేశారు, పన్ను తప్పిపోయింది. కొడుకూ కోడలూ పై వాటాలో వేరే వండుకుంటారు, కింద మేమిద్దరమే, 26 కేజీలు ఏం చేసుకోవాలి? పోనీ ఐదు కేజీల సంచి తీసుకుందామంటే పన్నూ మనమే కట్టాలి, కేజీ ధరా ఎక్కువే.

నాకు ఈ అంగడితో ఉన్న పేచీ అంతా ఇక్కడే మొదలవుతుంది. ఎంత కొనాలో ఇక్కడ నేను చెప్పలేను, ప్యాకెట్టు చెబుతుంది. మెంతులు తక్కువలో తక్కువ వంద గ్రాములు, అంటే మా ఇంట్లో ఏడాదికి సరిపడా. ఆవాలూ అంతే. ఒకరోజు తిరగవాతకి ఆవాలు లేవని తెలిసి పరుగున వెళ్లి, ‘పది రూపాయలకి ఆవాలు కావాలి నాయనా’ అని అడిగితే ఆ అబ్బాయి నన్ను చూసిన చూపు, పాపం, నేనేదో అణా కాసులు తెచ్చినట్టు. అంగడాయన అదే పది రూపాయలకి కాగితం చుట్టి, ఆవాలు పోసి, మడిచి, రెండు గింజలు పైన కొసరు వేసి ఇచ్చేవాడు. నెలాఖరులో చేతిలో ఇరవై రూపాయలున్నవాళ్లు ఇరవై రూపాయల నూనే కొంటారు, లీటరు కొనరు. మా స్కూల్లో ఆయాగా చేసినావిడ ఇప్పటికీ అలాగే కొంటుంది, ఆమెని ఈ సూపర్ మార్కెట్లో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇది మన పేదరికం వ్యవహారం, ముందుకెళ్లిన దేశాల్లో ఇలా ఉండదులే అని అనుకునేదాన్ని. 2023లో మా అమ్మాయి పురిటికి ఇంగ్లండు వెళ్లి ఐదు నెలలున్నాను, లండన్‌కి పడమర దిక్కున రైల్లో గంట ప్రయాణం ఉండే ఊరు. మొదటిసారి అక్కడి సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు నా ముందున్న ముసలాయన బుట్టలో ఒక క్యారెట్టు, రెండు ఉర్లగడ్డలు, ఒక్కటంటే ఒక్క ఎర్రగడ్డ, ఒక అరటిపండు. తూకం వేశారు, చిల్లర లెక్కపెట్టి కట్టాడు, వెళ్లిపోయాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అంత పెద్ద షెడ్డులో, కార్లు నిలపడానికే మన మున్సిపల్ గ్రౌండంత స్థలం ఉన్న చోట, ఒక్క ఎర్రగడ్డ అమ్ముతున్నారు. మా దగ్గరేమో ఎర్రగడ్డలు వల సంచిలో రెండు కేజీలు, అడుగున కుళ్లినవి రెండు.

అక్కడి ఊళ్లలో అంగళ్ల సంగతి ఇంకో రకంగా కూడా మారుతోంది, అది మనవాళ్లు చెబుతుంటే వినడం వేరు, చూడటం వేరు. మా అమ్మాయి అత్తగారి వయసున్న పక్కింటావిడ చెప్పింది, ఒకప్పుడు శనివారం కారేసుకుని ఒకే పెద్ద అంగడికి వెళ్లి వారానికి సరిపడా తెచ్చుకునేవాళ్లట. ఇప్పుడు ఆమె పాలూ రొట్టే ఆల్డీలో, మాంసం ఇంకో చోట, సబ్బులు చవకగా ఎక్కడ దొరికితే అక్కడ. ఈ జర్మనీ అంగళ్లు, ఆల్డీ 1990లోనూ లిడిల్ 1994లోనూ బ్రిటన్‌కి వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ లెక్కచేయలేదట, అలాంటిది 2022లో ఆల్డీ, మారిసన్స్ అనే అక్కడి పాత సూపర్ మార్కెట్‌ని దాటి అమ్మకాల్లో నాలుగో స్థానానికి వెళ్లింది. మా అమ్మాయి కూడా అంతే, కూరగాయలొక చోట, కందిబేడలు మనవాళ్ల అంగట్లో, డైపర్లు ఇంకో చోట. అన్నీ ఒక్కచోటే దొరకాలని కట్టుకున్న అంగళ్లు వదిలేసి వాళ్లు మళ్లీ నాలుగు అంగళ్లు తిరుగుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది, బేరివీధిలో ఒకటి, గాంధీ రోడ్డులో ఒకటి, ఎక్కడ రూపాయి తక్కువైతే అక్కడ. నేనున్నప్పుడే విల్కో అనే సామాన్ల అంగళ్లు దివాలా తీశాయి, నాలుగు వందల అంగళ్లు ఆ అక్టోబరుకల్లా మూతపడ్డాయి. ఊరి నడిబొడ్డున అద్దాల వెనక ఖాళీ అరలు. అవి చూసి ఆ పక్కింటావిడ కళ్లు తుడుచుకుంది, బకెట్లూ పెయింట్లూ అమ్మే అంగడి కోసం ఏడవడమేంటని నేను అప్పుడు అనుకున్నాను.

సరే, మన సూపర్ మార్కెట్‌కి వద్దాం. ధరల దగ్గర కళ్లు తెరుచుకుని ఉండాలి. నువ్వుల నూనె లీటరు 389 అని అర మీద చీటీ, బిల్లులో 425. నేను లెక్కల టీచరుని కాబట్టి బిల్లు అక్కడే నిలబడి చదువుతాను, వెనకవాళ్లు విసుక్కున్నా సరే. ‘సిస్టంలో అప్‌డేట్ కాలేదు మేడమ్’ అన్నారు. పావుగంట వాదించాక 36 రూపాయలు తిరిగిచ్చారు, చీటీ మాత్రం రెండు రోజుల తర్వాత కూడా అక్కడే ఉంది. ఇంకోటి, ‘ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ అని గుట్టగా పోసిన బిస్కెట్లు, మసాలాలు తీసుకునే ముందు తేదీ చూడండి, చాలావాటికి పది పన్నెండు రోజులే ఉంటుంది. ఇంగ్లండులో గడువు దగ్గరపడిన సరుకు మీద పసుపు చీటీ అంటించి, గడువు ఈ రోజుతో సరి, అందుకే తగ్గించాం అని ఉన్న మాట చెప్పి అమ్ముతారు, సాయంత్రం ఆ అర దగ్గర చిన్నపాటి తిరునాళ్లే. అలా చెప్పి అమ్మితే నేనూ కొంటాను.

పెద్ద ప్యాకెట్టు చవక అనే నమ్మకం కూడా వదిలేయండి. ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకి ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ముద్రిస్తున్నారు, అది చూడండి. కాఫీపొడి రెండు వందల గ్రాముల ప్యాకెట్టు కంటే యాభై గ్రాములవి నాలుగు కొంటే నాకు పన్నెండు రూపాయలు మిగిలింది. కళ్లజోడు తీసుకెళ్లడం మర్చిపోకండి.

ఫోన్ నంబరు. బిల్లు మొదలెట్టకముందే ‘నంబర్ చెప్పండి మేడమ్’. మొదట్లో చెప్పేశాను, అప్పటినుంచి రోజుకి రెండు మెసేజీలు. ఇప్పుడు ఇవ్వను అంటే ఇవ్వను. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖే అంగళ్లవాళ్లకి చెప్పింది, ఆ మాట అంటే చాలు, ఊరుకుంటారు. అయితే ఇంగ్లండులో ఈ పని ఇంకా తెలివిగా చేస్తారు. టెస్కో అనే అక్కడి పెద్ద సూపర్ మార్కెట్లో ఒకే వస్తువుకి రెండు ధరలు రాసి ఉంటాయి, వాళ్ల కార్డు ఉంటే ఒకటి, లేకపోతే ఎక్కువది. ఆ కార్డు 1995 నుంచీ ఉందట, ఈ రెండు ధరల పద్ధతి మాత్రం ఈ మధ్యది. పోటీ వ్యవహారాలు చూసే అక్కడి సంస్థ 2024లో లెక్క తీసి ఇలాంటి తగ్గింపుల్లో చాలావరకు నిజమైనవే అని తేల్చింది. కానీ నాలాంటి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి కార్డెక్కడిది? మా అమ్మాయి ఫోన్ తీసుకెళ్లకుండా పాల డబ్బా కొన్నరోజు ఎక్కువ కట్టి వచ్చాను, ఇంటికొచ్చాక తిట్లు.

బిల్లు కౌంటర్ల దగ్గర మా మనవరాలితో ఒక యుద్ధం. ఐదు కౌంటర్లుంటే రెండే నడుస్తాయి, పండగ ముందురోజైతే అరగంట నిలబడాలి, ఆ అరగంటా దాని కళ్లకి సరిగ్గా ఎదురుగా చాక్లెట్లు. ఎవరు పెట్టారో గానీ కొలతేసి పెట్టారు, ఐదేళ్ల పిల్ల చెయ్యి చాపితే అందే ఎత్తు. ఇంగ్లండులో 2022 అక్టోబరు నుంచి పెద్ద అంగళ్లలో కొవ్వూ చక్కెరా ఉప్పూ ఎక్కువున్న తిండి బిల్లింగ్ దగ్గర, గుమ్మం దగ్గర పెట్టకూడదని నిబంధన తెచ్చారు. ఇక్కడ అలాంటిది వస్తే మొదటి దండ నేనే వేస్తాను.

అలాగని అక్కడి బిల్లింగ్ మనకొద్దు. మనుషులు తగ్గిపోయి మిషన్లు పెరిగాయి, మన సరుకు మనమే స్కాన్ చేసుకోవాలి, సంచి కాస్త కదిలితే చాలు మిషన్ గొంతెత్తి అరుస్తుంది, అందరూ మనవైపు చూస్తారు, దొంగతనం చేసినట్టు ఒకటే టెన్షన్. ఇక్కడ పిల్లలు నిదానంగా కొట్టినా, ‘టీచర్, బాగున్నారా, సార్‌కి షుగర్ ఎట్లుంది’ అని అడుగుతారు. ఆదివారం రాత్రి తొమ్మిదికి కూడా తెరిచే ఉంటుంది. ఇంగ్లండులో 1994 నాటి చట్టం ప్రకారం ఆదివారం పెద్ద అంగళ్లు ఆరు గంటలే తెరవాలి, అది తెలియక నాలుగున్నరకి వెళ్లి మూసిన తలుపు ముందు చలిలో నిలబడి వచ్చాను.

సంచి సంగతి ఒక్క ముక్క. వాళ్ల పేరు అచ్చేసిన సంచికి పది రూపాయలు మన దగ్గరే తీసుకుంటారు. అది మోసుకుని ఊరంతా తిరిగితే వాళ్లకే ప్రచారం, కాబట్టి ఇంటినుంచి సంచి తెచ్చుకోండి.

కూరగాయలు ఇక్కడ కొనొద్దు. బ్రోకలీ ఉంటుంది, ఎర్ర క్యాప్సికం ఉంటుంది, సంక్రాంతి రోజుల్లో చిక్కుడు జాతి అనపకాయలు మాత్రం ఉండవు. చిత్తూరు వైపు పుట్టినవాళ్లకి ఆ నెలలో అనపగింజల తోలు పితికి తీసిన పితికిపప్పు లేకపోతే చలికాలం వచ్చినట్టే ఉండదు. అడిగితే ‘కంపెనీ నుంచి రావు మేడమ్’ అన్నాడు ఆ అబ్బాయి, వాళ్ల సొంతూరు పాకాల దగ్గర, చేలో కాసేవే అవి. రైతు బజారే నయం, ధర బోర్డు మీద రాసి ఉంటుంది, గంపలో చెయ్యిపెట్టి ఏరుకోవచ్చు.

మా కోడలు ఇవన్నీ విని నవ్వుతుంది. ఆమె ఏ అంగడికీ వెళ్లదు, ఫోన్లో నొక్కితే కొత్తిమీర కట్ట కూడా గుమ్మంలోకి వస్తుంది. ఇదంతా కొత్త తరం తెలివని ఆమె నమ్మకం. 1984లో ఇంగ్లండు ఉత్తరాన గేట్స్‌హెడ్ అనే ఊళ్లో 72 ఏళ్ల ముసలావిడ ఇంట్లో టీవీ ముందు కూర్చుని రిమోట్ నొక్కి టెస్కో నుంచి వెన్నలాంటి మార్జరిన్, కార్న్‌ఫ్లేక్స్, గుడ్లు తెప్పించుకుందని చెబితే నమ్మలేదు, వెతికి చూసుకుంది, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మార్కులు వేయమంటే ఐదుకి మూడు. నూనెలు, సబ్బులు, గోధుమపిండి, పండగ సామాన్లకి వెళ్తాను, చీటీ రాసుకుని వెళ్తాను, చీటీలో లేనిది ముట్టుకోను అనుకుని వెళ్తాను.

పోయిన శుక్రవారం బిల్లు క్యూలో నా ముందు ఎవరో తెలిసినవాళ్లలా ఉంటే చూద్దును గదా, మా పాత అంగడాయన. బుట్టలో బట్టల సబ్బుల ప్యాకెట్లు ఆరు. హోల్‌సేల్ ధర కంటే ఇక్కడ ఆఫర్లో రెండు రూపాయలు తక్కువ పడుతోందట, కొనుక్కుపోయి తన అంగట్లో అమ్ముకుంటాడు. కౌంటర్ అబ్బాయి ఒక్కరికి రెండే అని నాలుగు పక్కన పెట్టేశాడు. అంగడాయన వెనక్కి తిరిగాడు, నన్ను చూశాడు, కాస్త సిగ్గుపడ్డాడు.

‘టీచరమ్మా, మీ బిల్లులో రెండు వేయించండమ్మా, డబ్బులు ఇప్పుడే ఇస్తాను.’

వేయించాను. బయటికొచ్చాక అడిగాను, నీ దగ్గర ఆవాలున్నాయా అని. ‘ఎన్ని రూపాయలకమ్మా?’ అన్నాడు.