బరువు చూసి అడవి కత్తి కొనకండి, పిడి లోపల ఏముందో ముందు అడగండి

వారాంతాల్లో ఊరి బయట గుడారం వేసుకునేవారూ, తోటల్లో సొంతంగా పని చేసుకునేవారూ ఈ మధ్య గొడ్డలికి బదులుగా ‘సర్వైవల్ కత్తి’ పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే బరువైన కత్తులు కొంటున్నారు. అలాంటి కత్తి ఒకటి నా చేతిలోనే పిడి మొదట్లో రెండు ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా అదే రకం కత్తి ఇప్పటికీ అమ్మకంలో ఉంది కనుక, కొనే ఆలోచనలో ఉన్నవారిని హెచ్చరించడానికి ఈ వివరాలు రాస్తున్నాను.

అమ్మకపు పేజీలో అలుగు పొడవు 10 అంగుళాలు, మందం 6 మిల్లీమీటర్లు, అధిక కార్బన్ ఉక్కు, పిడి చివరిదాకా ఒకటే లోహం అని రాసి ఉంది. అలుగంతా డమాస్కస్ చారలు. ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కును పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన అలల చారలు అటువంటి ఉక్కు లోపలి నిర్మాణం నుంచి పుట్టినవి. నాకు వచ్చిన కత్తి చారలు మాత్రం పైపైన చెక్కినవి. సానరాయి మీద నాలుగు సార్లు రుద్దేసరికి అంచు దగ్గరివి చెరిగిపోయి, కింద మామూలు తెల్లటి లోహం బయటపడింది.

వికారాబాద్ దగ్గర ఒక మిత్రుడి తోటలో, ఎండిన తుమ్మ మొద్దును చీల్చడానికి దాన్ని వాడాము. అలుగును మొద్దు తల మీద నిలిపి, కత్తి వెన్ను మీద మరో కర్రతో కొట్టి దింపే పద్ధతి అది. అమ్మకందారు పెట్టిన వీడియోలో కూడా అదే చూపించారు. కొన్ని దెబ్బలకే పిడి నా చేతిలో ఉండిపోయింది, అలుగు మొద్దులో ఉండిపోయింది. అదే కత్తిని విసురుగా వేటు వేస్తున్నప్పుడు విరిగి ఉంటే, ఎదురుగా కట్టెలు ఏరుతున్న మా బావమరిది వైపు అలుగు ఎగిరిపోయేది.

విరిగిన చోటును వెలుతురులో పరిశీలించాము. వెడల్పాటి అలుగు పిడిలోకి ఒక అంగుళం మాత్రమే దిగి ఆగిపోయింది. అక్కడి నుంచి పెన్సిలంత లావున్న మరలు తిప్పిన ఊచను వెల్డింగ్ చేసి అతికించి, దాని మీద రబ్బరు పిడిని తొడిగి, అడుగున నట్టు బిగించారు. విరిగిన ముఖంలో సగభాగం అప్పటికే నల్లగా ఉంది. అంటే వెల్డింగ్ సగం వరకే పట్టిందన్నమాట. బరువైన అలుగుతో వేటు వేసినప్పుడు ఆ అదురంతా అలుగు, పిడి కలిసే చోటే పడుతుంది. అక్కడ లోహం ఒక్కసారిగా సన్నబడి, మూల గుండ్రంగా కాకుండా లంబకోణంలో కోసినట్టు ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. కనుక కత్తి ఎంత బరువుగా ఉంటే ఆ బలహీనమైన కీలు మీద భారం అంత పెరుగుతుందే తప్ప, బరువు దానికదే గట్టిదనానికి గుర్తు కాదు.

అమ్మకందారు ఇచ్చిన మొదటి సమాధానం, అయస్కాంతం అంటుకుంటోంది కాబట్టి అది కార్బన్ ఉక్కేనని. ఈ వాదనను నమ్మకండి. చవక కత్తుల్లో వాడే 420 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుకు కూడా అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది. ఇంతకంటే మేలైన పరీక్ష మన వంటింట్లోనే ఉంది. పచ్చిమామిడి కోస్తే ఇనుప కత్తిపీట నల్లబడటం అందరూ చూసినదే. కార్బన్ ఉక్కు అలుగుకు నూనె తుడిచి, తడి చింతపండు రాసి కాసేపు ఉంచితే అది బూడిద రంగుకు తిరుగుతుంది. నా కత్తి మాత్రం పొద్దుటికి కూడా పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంది.

ఇక అసలు ఎంపిక విషయానికి వస్తే, కత్తీ గొడ్డలీ ఒకే బరువున్నా వాటి పని తీరు వేరు. చేతిగొడ్డలి తల సుమారు 600 గ్రాములు ఉంటుంది. ఆ బరువంతా కామ (గొడ్డలి కర్ర) చివర చేరి ఉండటం వల్ల కొద్ది ఊపుకే వేటు లోతుగా దిగుతుంది. పైగా తల పదును దగ్గర సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ లావెక్కుతుంది కాబట్టి, కట్టెలోకి దిగుతూనే దాన్ని రెండు పక్కలకు తోస్తుంది. కత్తి అలుగు దాదాపు ఒకే మందంతో ఉండటం వల్ల కట్టెలోకి దిగుతుంది గాని దాన్ని విడదీయదు, బిగుసుకుపోతుంది. బిగుసుకున్న కత్తిని పక్కలకు ఊపి లాగే ప్రయత్నంలోనే చాలా కత్తులు విరుగుతాయి. సర్కారు తుమ్మ కంప కొట్టడానికి, వెదురు నరకడానికి, దారికి అడ్డొచ్చే తీగలు తెగవేయడానికి మంచి మచ్చుకత్తి గొడ్డలి కంటే ఎంతో సుఖం. మణికట్టు లావు దాటిన ఎండు తుమ్మ, చింత మొద్దుల విషయంలో మాత్రం కత్తిని పక్కన పెట్టాలి. చేతిగొడ్డలికి కామ పొట్టి కాబట్టి గురి తప్పితే వేటు మోకాలి కిందికి వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, కట్టెను మరో మొద్దు మీద పెట్టి కొట్టడం మంచిది.

అయితే గొడ్డలి అనగానే నమ్మేయడానికి లేదు. కత్తికి బదులుగా అదే అమ్మకందారు పంపిన గొడ్డలికి వెనుక సుత్తి, కామ లోపల రంపం, అడుగున దిక్సూచి ఉన్నాయి. దిక్సూచి ఉత్తరాన్ని గొడ్డలి తల వైపే చూపించేది! తలను చేత్తో పట్టుకుని ఊపితే టకటకమని చప్పుడు వచ్చింది. తల ఊడకుండా బిగించే చెక్క చీల కన్నంలో లేదు. సందుల్లో జిగురు నింపి పైన నల్ల రంగు పూశారు. కామకు దట్టంగా రంగు వేసి ఉంటే అనుమానించాలి, ఎందుకంటే చెక్క నార నిలువుగా ఉందో, ఏటవాలుగా పక్కకు పోయిందో ఆ రంగు కింద కనిపించదు. నార పక్కకు పోయిన కామ గట్టి వేటుకు నిలవదు. దాన్ని ఒక్క కట్టె మీద కూడా వాడకుండా తిప్పి పంపాను.

చివరికి మా మండలంలోని కొలిమిలో లారీ కమాను పట్టీతో కొట్టించిన గొడ్డలి తీసుకున్నాను. కమాను పట్టీల ఉక్కులో సాధారణంగా 0.5 నుంచి 0.6 శాతం దాకా కార్బన్ ఉంటుంది; రోడ్డు అదుర్లను ఓర్చుకోవడానికి తయారైన ఉక్కు కనుక వేటుకు సులువుగా పెళుసుబారి విరగదు. కామ నల్లతుమ్మది, రంగు లేదు, పైనుంచి కొట్టిన చీల కంటికి కనిపిస్తుంది. ఆన్‌లైన్ కత్తి ఖరీదులో ఇది సగం కూడా కాలేదు.

కొనేముందు చట్టం సంగతి కూడా చూసుకోండి. అలుగు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉండి, ఇంటి పనికో వ్యవసాయానికో ఉద్దేశించినది కాని కత్తి ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దానికి లైసెన్సు అవసరం. ‘పోరాట కత్తి’ అని గొప్పగా రాసి అమ్మే అమ్మకందారు ఈ మాట ఎక్కడా చెప్పడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు, ఆ చట్టం ఇచ్చిన ఆయుధం నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. అందుచేత అమ్రాబాద్, పాపికొండల వైపు వెళ్లేవారు వీటిని ఇంట్లోనే ఉంచి వెళ్లాలి.

వాడిన వస్తువు వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు రెండోసారి సమాధానం ఇచ్చాడు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అనడానికి వీల్లేదు. ఆన్‌లైన్ అమ్మకాల వేదిక నియమించిన ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. విరిగిన ముఖం ఫోటోలను, ‘ఒకటే లోహం’ అని రాసి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్‌ను జతచేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించిన తరువాతే సొమ్ము తిరిగి వచ్చింది. పేజీని ముందే భద్రపరచుకోవడం చాలా అవసరం, ఎందుకంటే నా ఫిర్యాదు వెళ్లాక వాళ్లు ఆ వాక్యాన్ని తీసేసి, కింద చిన్న అక్షరాల్లో ‘అలంకరణకు మాత్రమే’ అని చేర్చారు.

ఇప్పుడు అదే కత్తి మరో పేరుతో, ఆకుపచ్చ ఒరతో కనిపిస్తోంది. పిడి అడుగున ఆరు పలకల నట్టు ఉంటే, పిడి పక్కల్లో రివెట్లు గాని అలుగు లోహపు అంచు గాని కనిపించకపోతే, తయారీదారు పేరు, తయారైన దేశం రెండూ పేజీలో లేకపోతే అది ఇదే సరుకు అయి ఉండవచ్చు. పిడి విప్పి తీసిన ఫోటో పంపమని అడిగి చూడండి. నేను కొత్త పేరుతో ఉన్న పేజీలో అడిగాను, జవాబు రాలేదు.