కాలేజీలో చేరే పిల్లలకు ఏ ఫోన్? గెలాక్సీ ఎం16, సీఎంఎఫ్ ఫోన్ 1లపై ఒక పరిశీలన

జూన్ వచ్చేసరికి బెంగళూరులో పీయూసీ (మన ఇంటర్ లాంటిది) తరగతులు మొదలవుతాయి. అప్పటిదాకా అమ్మ ఫోన్‌తోనో, నాన్న వాడి పక్కన పెట్టిన పాత ఫోన్‌తోనో సరిపెట్టుకున్న పిల్లలకు సొంత ఫోన్ కొనే విషయం మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్.పురం వైపు తెలుగు ఇళ్లలో చర్చకు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. చాలామంది తల్లిదండ్రులు పన్నెండు వేల నుంచి పద్దెనిమిది వేల రూపాయల మధ్య ఆగాలనుకుంటారు. ఆ పరిధిలో ఫోన్లకు కొదవ లేదు. నలుగురితో కలిసిమెలిసి తిరిగే పిల్లల అవసరాలను దృష్టిలో పెట్టుకుని చూసినప్పుడు నాకు రెండు ఫోన్లు ప్రత్యేకంగా కనిపించాయి. ఒకటి 2025 మార్చిలో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎం16 5జీ, రెండోది 2024 జూలైలో వచ్చిన సీఎంఎఫ్ ఫోన్ 1. మొదటిది మా అక్క కూతురి కోసం మేము కొన్నది, రెండోది ఆమె స్నేహితురాలి దగ్గర ఉన్నది. రెండూ చేతిలో పట్టుకుని, పిల్లలు వాడుతుండగా దగ్గర నుంచి చూసిన తర్వాతే ఇది రాస్తున్నాను.

ముందుగా పెట్టె మీద అచ్చువేసే అంకెల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ధరలో కొనేవారిని ఎక్కువగా తికమక పెట్టేవి అవే. యాభై మెగాపిక్సెళ్ల కెమెరా అంటే తీసిన ప్రతి ఫోటో యాభై మెగాపిక్సెళ్లు ఉంటుందని కాదు; మామూలుగా తీసేటప్పుడు పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి దాదాపు పన్నెండు మెగాపిక్సెళ్ల చిత్రాన్నే ఫోన్ దాచుకుంటుంది. వెలుతురు తక్కువైనప్పుడు ఆ కలపడమే మేలు చేస్తుంది కాబట్టి అందులో మోసమేమీ లేదు. కానీ దాని పక్కన కనిపించే రెండు మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా (చిన్న వస్తువులను మరీ దగ్గర నుంచి తీసేది) మాత్రం వెనకవైపు కటకాల సంఖ్య పెంచడానికి తప్ప పెద్దగా ఉపయోగపడదు. ర్యామ్, అంటే యాప్‌లు నడుస్తున్నప్పుడు ఫోన్ వాడుకునే తాత్కాలిక మెమరీ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని పెట్టెల మీద ఎనిమిదికి మరో ఎనిమిది కలిపి పదహారు జీబీ ర్యామ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ రెండో ఎనిమిది నిజమైన ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత భాగాన్ని అవసరానికి వాడుకునే ఏర్పాటు మాత్రమే. స్టోరేజీ వేగం ర్యామ్ వేగానికి దరిదాపుల్లోకి కూడా రాదు. కాబట్టి కూడిక గుర్తుకు ముందున్న అంకెను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

పిల్లలు ఫోన్‌ను ఎలా తూకం వేస్తారో నాకు అర్థమైంది కాలేజీ బయట గోబీ మంచూరియన్ బండి దగ్గర. సాయంత్రం దీపాలు వెలిగే వేళకు ఏడెనిమిది మంది ఆడపిల్లలు ఒక ఫోటో కోసం దగ్గరగా జరిగారు. ముందు సెల్ఫీ కెమెరా తెరిచి ఒకరు చెయ్యి చాపగలిగినంత చాపారు, అయినా ఇద్దరు ఫ్రేము బయటే మిగిలిపోయారు. అప్పుడు మా అమ్మాయి, అంటే అక్క కూతురు, ఎం16ను వెనక్కి తిప్పి, ఎక్కువ వెడల్పు పట్టే అల్ట్రావైడ్ కెమెరాకు మార్చి, టైమర్ పెట్టి, బండి పక్కనున్న స్టూలు మీద నీళ్ల సీసాకు ఆనించింది. అందరూ పట్టారు. ఫోటో రాగానే ఎవరూ మొత్తం చిత్రాన్ని చూడలేదు; రెండు వేళ్లతో పెద్దది చేసి ఎవరి ముఖం వాళ్లు వెతుక్కున్నారు. "పిన్నీ, చివర నిలబడ్డదాని మొహం చూడు, ఎలా సాగిపోయిందో," అంటూ మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చింది. ఆ మాట నిజమే. విశాలంగా పట్టే కటకాల్లో అంచులకు దగ్గరగా ఉన్న ముఖాలు సాగడం సహజం. పైగా ఎం16లో ఆ కెమెరా ఐదు మెగాపిక్సెళ్లదే కాబట్టి, మసక వెలుతురులో జుట్టు, కనురెప్పలు విడివిడిగా కాక చిన్న చిన్న మచ్చలుగా కనిపిస్తాయి. అయినా ఆ కెమెరా ఉండటం వల్లే ఆ ఫోటో వచ్చింది. సీఎంఎఫ్ ఫోన్ 1లో అల్ట్రావైడ్ అసలు లేదు. ప్రధాన కెమెరాకు తోడుగా ఉన్నది మనిషి వెనకనున్న దృశ్యాన్ని మసకబార్చడానికి సాయపడే సెన్సారు. ఇద్దరు ముగ్గురు దిగే చిత్రాలకు ఆ ఫోన్ ప్రధాన కెమెరా, పదహారు మెగాపిక్సెళ్ల ముందు కెమెరా చక్కగా సరిపోతాయి. పదిమంది ఉండే గుంపుకు మాత్రం ఎవరో ఒకరు దూరంగా వెళ్లి నిలబడి తీయక తప్పదు.

అందంలో, అందులోనూ యువతరం మెచ్చే అందంలో, సీఎంఎఫ్ ఫోన్ 1దే పైచేయి. నథింగ్ సంస్థ తన సీఎంఎఫ్ పేరుతో తెచ్చిన ఈ ఫోన్ వెనక పలకను చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పి మరో రంగు పలక బిగించుకోవచ్చు. నలుపు, నారింజ, లేత ఆకుపచ్చ, నీలం రంగులు ఉన్నాయి. ఒక మూలనున్న గుండ్రటి మరను తీసి అక్కడ స్టాండునో, మెడకు వేసుకునే తాడునో, కార్డులు పెట్టుకునే చిన్న జేబునో తగిలించుకోవచ్చు. స్నేహితురాళ్లు పలకలు మార్చుకుని ఒకరి రంగు ఒకరు వాడుకోవడం చూసినప్పుడు, ఈ ఆలోచన చేసినవారికి ఈ వయసు పిల్లల గురించి బాగా తెలుసనిపించింది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2009లో శాంసంగ్ తెచ్చిన కార్బీకి కూడా మార్చుకునే రంగురంగుల వెనక కవర్లు ఉండేవి. 2.8 అంగుళాల టచ్ తెర, రెండు మెగాపిక్సెళ్ల కెమెరా, ఫేస్‌బుక్‌కు, ట్విట్టర్‌కు నేరుగా వెళ్లే గుర్తులతో, ఖరీదైన ఫోన్లు కొనలేని పిల్లలకు స్నేహితులతో మాట కలిపే దారిని అది చూపింది. అప్పట్లో కవరు తీస్తే బ్యాటరీ చేతికి వచ్చేది, పాడైతే ఐదు నిమిషాల్లో కొత్తది వేసుకునేవాళ్లం. సీఎంఎఫ్‌లో పలక ఊడినా బ్యాటరీని మనంతట మనం మార్చుకునే వీలు లేదు. మరలు విప్పే దాకా ఆలోచించినవారు ఆ ఒక్క అడుగు కూడా వేసి ఉంటే ఎంతో సంతోషించేదాన్ని. పలకలు చవక కూడా కావు: 2024లో విడుదలైనప్పుడు ఫోన్ ప్రారంభ ధర 15,999 రూపాయలైతే ఒక్కో పలక ధర 1,499 రూపాయలు ఉండేది.

ఇంత ముచ్చటైన ఫోన్‌ను కాదని ఎం16 ఎందుకు కొన్నామంటే దానికి కారణం అప్‌డేట్లు. ఎం16కు ఆరు ఆండ్రాయిడ్ తరాల అప్‌గ్రేడ్లు, ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ ప్రకటించింది. ఆండ్రాయిడ్ 15తో వచ్చిన ఫోన్ కాబట్టి 21 దాకా, అంటే 2031 దాకా దానికి రక్షణ ఉంటుందన్నమాట. 2025 జూన్‌లో మొదటి పీయూసీలో చేరిన అమ్మాయి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల ఇంజనీరింగ్ పూర్తిచేసేసరికి సరిగ్గా ఆ గడువు దగ్గరకు వస్తుంది. సీఎంఎఫ్ ఫోన్ 1కు ప్రకటించినవి రెండు ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు, మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. 2024లోనే కొన్నవారికి అది ఓ మోస్తరుగా సరిపోతుంది, ఆలస్యంగా కొనేవారికి మాత్రం ఆ మూడేళ్లలో కొంత భాగం అప్పటికే గడిచిపోయి ఉంటుంది. ఫోన్ ఎప్పుడు కొన్నా లెక్క మొదలయ్యేది అది మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచే అన్న సంగతి అమ్మేవారు చెప్పరు.

అప్‌డేట్లు ఆగినంత మాత్రాన వాట్సాప్ మర్నాడే పనిచేయడం మానేయదన్నది కూడా నిజమే. 2013 నాటి ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్‌కు వాట్సాప్ 2025 జనవరి దాకా మద్దతిచ్చింది. ఇబ్బంది అక్కడ కాదు. పిల్లలు వాడే ఫోన్‌లో తెలియని లింకులు ఎక్కువగా తెరుచుకుంటాయి, గ్రూపుల్లో వచ్చిన ఫైళ్లు ఆలోచించకుండా డౌన్‌లోడ్ అవుతాయి, అదే ఫోన్‌లో కొన్నాళ్లకు యూపీఐ కూడా చేరుతుంది. అలాంటి ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు అందకపోవడం ఇంటికి తాళం వేయకుండా ఊరెళ్లడం లాంటిది. ఈ ఒక్క విషయాన్ని నేను కెమెరా కంటే, రంగు కంటే పైన పెడతాను.

ఆరేళ్లు వాడాలనుకున్నప్పుడు ర్యామ్ కూడా ఆ లెక్కకు తగ్గట్టే ఉండాలి. ఎం16 నాలుగు, ఆరు, ఎనిమిది జీబీల్లో దొరుకుతుంది. 2025లో విడుదలైనప్పుడు సుమారు పన్నెండు వేల స్థాయిలో ప్రకటనల్లో కనిపించిన ధర నాలుగు జీబీ ఫోన్‌ది. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ ఎడిట్ చేస్తూ మధ్యలో వాట్సాప్ చూసి తిరిగి వచ్చేసరికి చేసిన పని పోకుండా ఉండాలంటే కనీసం ఆరు జీబీ కావాలి. అక్కడ మిగిలే పదిహేను వందల కోసం నాలుగు జీబీ ఫోన్ తీసుకోవద్దని నా గట్టి సలహా. స్టోరేజీ 128 జీబీ ఉన్నా ధైర్యంగా ఉండలేం. కాలేజీ గ్రూపుల్లో వచ్చే పండగ వీడియోలు, ఒకే ఫోటో పదిమంది పంపిన కాపీలు ఏడాదిలోనే సగం నింపేస్తాయి. వాట్సాప్ సెట్టింగులలో ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌ను మొదటి రోజే ఆపేయడం మంచిది. రెండు ఫోన్లలోనూ మెమరీ కార్డు వేసుకోవచ్చు గానీ, రెండో సిమ్ స్థానాన్ని అది తీసుకుంటుంది.

వేగం విషయంలో సీఎంఎఫ్ స్పష్టంగా ముందుంది. దాని డైమెన్సిటీ 7300 చిప్ ఎం16లోని 6300 కంటే బలమైనది, తెర రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర మీది బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) కూడా 120 హెర్ట్జ్ కాబట్టి వేలికింద జారడం మెత్తగా ఉంటుంది. ఎం16లో అది 90. ఆటలు ఎక్కువగా ఆడే పిల్లలకూ, వీడియోలు కత్తిరించి కూర్చే సరదా ఉన్నవారికీ సీఎంఎఫే నప్పుతుంది. అయితే అందులో స్పీకరు ఒక్కటే, ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం లేదు. గుంపుగా కూర్చుని పాటలు వినేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

బ్యాటరీ రెండింటిలోనూ 5,000 ఎంఏహెచ్. ఉదయం వైట్‌ఫీల్డ్ వైపు నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి, క్లాసులు, ట్యూషన్ ముగించుకుని రాత్రి ఇంటికి చేరే అమ్మాయికి ఇది చాలు. కానీ రెండు పెట్టెల్లోనూ చార్జర్ ఉండదు. ఇంట్లో ఉన్న పాత పది వాట్ల చార్జర్‌తో కూడా చార్జింగ్ ఎక్కుతుంది, దాదాపు మూడు గంటలు పడుతుంది. ఎం16 పూర్తి వేగమైన 25 వాట్లు అందుకోవాలంటే పీపీఎస్ ఉన్న పీడీ చార్జర్ కావాలి; పీడీ అంటే యూఎస్‌బీ-సీ వేగవంతమైన చార్జింగ్ పద్ధతి, పీపీఎస్ అంటే ఫోన్ అడిగినట్టు వోల్టేజీని సర్దే ఏర్పాటు. రోడ్డు పక్కన దొరికే వాటి మీద 25 వాట్లని రాసి ఉన్నా ఆ వేగం రాకపోవచ్చు. ఈ ఖర్చును ఫోన్ ధరకు కలిపే బడ్జెట్ వేసుకోవాలి.

పిల్లల చేతిలో ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు కింద పడుతుంది. ఈ రెండింటి తెరలూ ఆమోలెడ్ రకానివి. రంగులు ముచ్చటగా ఉంటాయి, పగిలితే మాత్రం ఎల్‌సీడీ కంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఇంతకుముందు ఇంట్లో వాడిన వేరే సంస్థ ఫోన్ తెర పగిలినప్పుడు నగరంలోని ఒక సర్వీస్ సెంటర్ వారు ఫోన్ ధరలో దాదాపు సగం అడిగారు, పైగా ఫోన్‌లోని సమాచారమంతా చెరిపేస్తేనే పని మొదలుపెడతామన్నారు. బ్యాకప్ లేకపోవడంతో పిల్ల ఫోటోలు చాలా వరకు పోయాయి. అప్పటి నుంచి టెంపర్డ్ గ్లాస్, అంచులు కాస్త పైకి లేచిన పౌచ్ లేకుండా ఫోన్‌ను ఇంట్లోంచి బయటికి పోనివ్వడం లేదు. సీఎంఎఫ్ పలకల అందం పౌచ్ వేస్తే సగం మరుగున పడుతుంది, అది ఆ ఫోన్ కొనే పిల్లలు మనసులో తేల్చుకోవాల్సిన విషయం.

పద్దెనిమిదేళ్లు నిండనివారి పేరు మీద మన దేశంలో సిమ్ ఇవ్వరు కాబట్టి అది తల్లిదండ్రుల పేరు మీదే ఉంటుంది. ఫోన్ అమర్చేటప్పుడు పిల్లల అసలు పుట్టిన తేదీతోనే గూగుల్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు తెరవాలి. వయసు నిజంగా చెబితే ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ రక్షణలు వర్తిస్తాయి: ఖాతా మొదటి నుంచీ ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివారి సందేశాలకు అడ్డుకట్ట పడుతుంది. ఇది చాటున చేసే నిఘాగా కాక, పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని. అలా చేసినప్పుడు మా అమ్మాయి అభ్యంతరం చెప్పలేదు, రెండు సెట్టింగులు తనే ఇంకా కట్టుదిట్టం చేసుకుంది.

కొనడానికి ఆన్‌లైన్ ధరలే సాధారణంగా తక్కువ. టౌన్‌హాల్ దగ్గర ఎస్పీ రోడ్డులో బేరమాడితే గ్లాసు, పౌచ్ కలిపి ఇస్తారు, ఫోన్‌ను చేతిలో పట్టుకుని చూసే అవకాశమూ ఉంటుంది. వాడిన ఫోన్ తీసుకునేవారు మాత్రం డబ్బు చెల్లించకముందే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ ప్రత్యేకంగా ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, KYM అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపాలి. ఆ నంబరు బ్లాక్ అయి ఉందో లేదో జవాబులో తెలుస్తుంది. కొత్త ఫోన్ అయినా బిల్లు మీద ఐఎంఈఐ రాయించుకుని ఫోటో తీసి పెట్టుకోవాలి. మెట్రోలోనో బస్సులోనో ఫోన్ పోతే, పోలీసు ఫిర్యాదు ప్రతితో పాటు కేంద్ర టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు ఇచ్చి ఫోన్‌ను దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపించవచ్చు, దొరికాక మళ్లీ అక్కడే తెరిపించుకోవచ్చు.