రైజెన్ 7 5800ఎక్స్: వోల్టేజీ తగ్గించి ఒక పెళ్లిళ్ల సీజను నడిపాక

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. విజయవాడలో మా మేడ మీది గదే నా స్టూడియో. ఏసీ లేదు, నెత్తిన స్లాబు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ గదిలో రోలు పెట్టి చూడలేదు గానీ ప్రాసెసర్ మాత్రం ఎన్‌కోడింగ్ (వీడియోను తుది ఫైలుగా మార్చే పని) జరిగినంతసేపూ 90 డిగ్రీల దగ్గరే ఉండేది. నాది ఏఎండీ కంపెనీ రైజెన్ 7 5800ఎక్స్. దానికి కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు కూడా అంతే. అంటే చిప్పు తప్పేం లేదు, గీత దాకా వెళ్లి ఆగుతోంది. ఫ్యాన్లు మాత్రం పిండిమర ఆడినట్టు మోగేవి. "ఏమండీ, ఆ డబ్బా ఆపితే పిల్లాడు పడుకుంటాడు" అని కింద నుంచి కేక వచ్చేది.

షాపులో అడిగితే పెద్ద వాటర్ కూలర్ వేయించుకోమన్నారు. నాకు మనసొప్పలేదు. ఈ చిప్పులో లెక్కలు చేసే ఎనిమిది భాగాలూ, అంటే కోర్లు, దాదాపు 80 చదరపు మిల్లీమీటర్ల ముక్కలో ఇరుక్కుని ఉంటాయి. గోరంత చోటు నుంచి వందకు పైగా వాట్లు బయటికి రావాలి. కూలర్ ఎంత పెద్దదైనా ఆ ఇరుకు దారి అలాగే ఉంటుంది. వేడిని పుట్టిన చోటే తగ్గించాలి.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి రెండు రాత్రులు తీరిగ్గా బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లో కూర్చున్నాను. అందులో ప్రాసెసర్ హద్దులు మార్చుకునే పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) మెనూలో కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది. ఏ వేగానికి ఎంత వోల్టేజీ అన్న లెక్కను కోరు కోరుకీ విడిగా జరుపుకోవచ్చు, మైనస్ 30 వరకూ. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. కంపెనీ ఇచ్చే వోల్టేజీ రెడీమేడ్ చొక్కాలా కాస్త వదులుగానే ఉంటుంది. లాట్‌లో ఉన్నవాటిలో బలహీనమైన చిప్పు కూడా అందులో పట్టాలి మరి. మనం చేసేది ఆల్టరేషన్. చిప్పు లాగే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది కాబట్టి, అదే వేగం దగ్గర వోల్టేజీ 6 శాతం తగ్గితే ఖర్చు దాదాపు 12 శాతం తగ్గుతుంది.

ఇక్కడే మొదటిసారి పప్పులో కాలు వేశాను. అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టి ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 టెస్టు నడిపితే స్కోరు పెరిగింది, వేడి మాత్రం ఇంచు తగ్గలేదు. మిగిలిన కరెంటును రైజెన్ పొదుపు చేయదు, ఇంకాస్త వేగంగా పరిగెత్తడానికి వాడేస్తుంది. వేడి తగ్గాలంటే మొత్తం వాట్ల హద్దు, అంటే పీపీటీ, మనమే దించాలి. కంపెనీది 142 వాట్లు. నేను 110కి తెచ్చాను. అప్పుడు తేలింది అసలు సంగతి: ఏ మార్పూ చేయకముందు స్కోరు 15,180, ఇప్పుడు 15,230. వేడి 90 నుంచి 77కి దిగింది. క్లయింట్లకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే కాపీని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఫైలు సైజు తగ్గించే ఎక్స్265కి మారుస్తాను, ఆ బరువంతా ప్రాసెసర్ మీదే. అదే క్లిప్పు ముందూ 31 నిమిషాలే, తర్వాతా 31 నిమిషాలే. గోడ దగ్గర పెట్టిన మీటరులో దాదాపు 40 వాట్లు తగ్గాయి. రోజుకు ఐదు గంటల లెక్కన నెలకు 6 యూనిట్లు. దాంతో మేడ మీద మేడ కట్టలేం, కానీ ఫ్యాన్ల గోల పోయింది.

సినీబెంచ్ అరగంట టెస్టు పాసయింది, రాత్రంతా ఎన్‌కోడింగ్ చేసింది. గెలిచేశాననుకున్నాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్న కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయింది. బరువు మోసినప్పుడు పడనిది కూర్చున్నప్పుడు పడడమేంటి? కారణం ఉంది. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు వేగం 4.4, 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఏదో చిన్న పని తగిలితే ఒక్క కోరు 4.8 దాటి ఎగురుతుంది, ఆ వేగానికి మనం తగ్గించిన వోల్టేజీ చాలదు. పైగా చిప్పులో మేలైన కోర్లకు ఫ్యాక్టరీలోనే వోల్టేజీ బిగించి ఇస్తారు, వాటిలో కోయడానికి మిగిలేది తక్కువ. విండోస్ తప్పులను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో, హార్డ్‌వేర్ లోపాలను రాసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఎర్రర్ 18 ఉంది. తప్పు చేసిన కోరును గుర్తించే నంబరు, అంటే ఏపీఐసీ ఐడీ, 4. సున్నా నుంచి మొదలుపెట్టి కోరుకి రెండు ఐడీల చొప్పున లెక్కేస్తే మూడో కోరు. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో మేలైన కోరని నక్షత్రం గుర్తున్నది సరిగ్గా అదే.

అందుకే సినీబెంచ్ పాసయితే చాలనే వీడియోలను నమ్మొద్దంటాను. కోర్‌సైక్లర్ అని ఉచిత స్క్రిప్టు ఒకటి ఉంది, ఒక్కో కోరునూ విడిగా పట్టి ప్రైమ్95 అనే కఠినమైన లెక్కల టెస్టుతో పిండుతుంది. నా నక్షత్రం కోరు మైనస్ 30 దగ్గర నాలుగు నిమిషాలు కూడా నిలబడలేదు. మూడు రాత్రుల తర్వాత అది మైనస్ 10 దగ్గర, దాని తర్వాతి మేలు కోరు మైనస్ 15 దగ్గర, మిగతా ఆరూ మైనస్ 25 దగ్గర స్థిరపడ్డాయి. స్కోరులో వంద తేడా కూడా రాలేదు. శ్రావణం సీజనంతా ఈ అంకెల మీదే గడిచింది, ఒక్క రీస్టార్ట్ లేదు.

ఒక మాట. పీబీఓ వాడితే వారంటీ వర్తించదని ఏఎండీయే చెబుతుంది. నాది 2021లో కొన్నది, మూడేళ్ల గడువు ఎప్పుడో దాటింది కాబట్టి టెన్షన్ పడలేదు. కొత్త చిప్పు అయితే పీబీఓ జోలికి వెళ్లకుండా, బోర్డులో ఉంటే తక్కువ విద్యుత్తుతో నడిపే 65 వాట్ల ఎకో మోడ్ పెట్టుకోండి. కాస్త వేగం పోతుంది, గది మాత్రం చల్లబడుతుంది.

మొన్న బయోస్ అప్‌డేట్ చేస్తే ఈ అంకెలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఫ్యాన్లు మళ్లీ మోగితే గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు ఎనిమిది అంకెలూ, పక్కన 110 అనీ చీటీ మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటించాను.